హత్నూర కియాంటి

ఆగస్టు 18, సోమవారం

"బస్సు తప్పిపోతుంది, బయల్దేరు" అంటూ నాన్న టిఫిన్ బాక్సు చేతికిచ్చారు. బయల్దేరాను. కంపెనీ లేదు, బస్సూ లేదు. బొల్లారంలో మా మందుల యూనిట్‌కి జూలైలోనే తాళం వేశారు. అయినా పాత ఐడీ కార్డు మెడలో వేసుకుని, కిష్టారెడ్డిపేటలో మా బాల్కనీకి కనిపించనంత దూరం నడిచి షేర్ ఆటో ఎక్కాను. పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సు. సంగారెడ్డిలో ప్రేమలత కారు. హత్నూర దగ్గర తోట చేరేసరికి చున్నీ నిండా దుమ్ము.

పనికి మనిషి కావాలని ప్రకటన ఇచ్చిన ప్రేమలతకి ముప్పై దాటి ఉండవు. వాళ్ళ నాన్న సంగప్ప గారిది ద్రాక్షతోట. మార్చిలో కోసిన పండుతో వైను చేయడానికి నాసిక్ నుంచి ఒకాయన్ని పెట్టుకుంటే, ఇంకెవరో పిలిచారని ఆయన సగంలోనే వెళ్ళిపోయాడట. రసం మాత్రం స్టీలు ట్యాంకుల్లో అలాగే ఉంది.

"పులవెట్టుడు వస్తదా మేడమ్ మీకు?" అంది.

"పన్నెండేళ్ళుగా అదే పని. యాంటీబయాటిక్స్ కోసం."

"అయితే ఇంకేంది! గదీ మందే, ఇదీ మందే."

జూలై తర్వాత మొదటిసారి గట్టిగా నవ్వాను.

నాన్నకి చెప్పకూడదు. ఆయన బీపీ మంచిది కాదు. రెండేళ్ళ కిందట పెళ్ళి వదిలేసుకుని సూట్‌కేసుతో వచ్చినప్పుడే ఆయన సగమయ్యారు. ఇప్పుడు ఉద్యోగం పోయిందని చెప్పనా? కార్తీకంలో ఉల్లిపాయ కూడా ముట్టని మనిషికి, కూతురు వైను కాస్తోందని చెప్పనా? పైగా నేను అబద్ధమేమీ చెప్పలేదు. "మందుల పనేగా" అన్నారు, "అవును" అన్నాను. సరైన ఉద్యోగం దొరికేదాకానే ఇది. ఒక నెల.

ఆగస్టు 20

రుచి చూశాను. ఉమ్మేశాను. నోరంతా వగరు. ఉద్యోగాల సైట్లు చూశాను.

ఆగస్టు 26

రుచి చూశాను. సగం ఉమ్మేశాను.

సెప్టెంబర్ 2

మూడో ట్యాంకు దగ్గర ఉమ్మడం మర్చిపోయాను. పొరపాటు. నేరేడుపండు, దాని వెనకాల ఎండిన టమాటా, ఆ వెనకాల మొదటి వాన పడ్డ ఎర్రమట్టి. ఇన్నేళ్ళు ఇలాంటి ట్యాంకుల పక్కనే నిలబడి మీటర్లు చూశాను గానీ ఒక్కదానికీ రుచి ఉంటుందని తెలియదు.

సంగారెడ్డి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ వచ్చాను.

ఉద్యోగాల సైట్లు రేపు.

సెప్టెంబర్ 6, శనివారం

ఇవాళ్టి సంగతి రాయకపోతే నిద్ర పట్టదు.

సంగప్ప గారిని అడిగాను, ఈ ద్రాక్ష రకం పేరేమిటని. ఆయన తీగల మధ్య గోచీ బిగించి కలుపు తీస్తున్నారు. "సంగి" అన్నారు. సంగి ఏమిటండీ? "నర్సరీవోడు ఇటలీ పండు అన్నడు బిడ్డా. ఏందో పొడుగు పేరు చెప్పిండు. సంగి అని మొదలైతది. నాకు గంతే నోరు తిరిగింది."

సాంజియోవేసే! ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటే మొదట వచ్చేది సంగియే.

సంగారెడ్డి జిల్లాలో సంగప్ప తోటలో సంగి ద్రాక్ష. నాకు నవ్వు ఆగలేదు. ఎక్కిళ్ళు వచ్చాయి. కూలీల పెద్ద పోశమ్మ నా వీపు మీద రెండు చరిచి నీళ్ళు తాగించింది. ఆ ఊపులోనే నోరు జారాను.

"ఇటలీలో ఈ పండుతో చేసిన వైనునే కియాంటి అంటారట."

ప్రేమలత కత్తెర కింద పెట్టింది. "మళ్ళ చెప్పుండ్రి?"

"కియాంటి."

"కియాంటి" అంది, బెల్లం ముక్క చప్పరించినట్టు. "కి-యాం-టి."

మధ్యాహ్నానికి సంగారెడ్డి ఫ్లెక్సీ షాపు నుంచి ఫోనులో బొమ్మ వచ్చేసింది. ద్రాక్షగుత్తి, బంగారు గీతలు, పెద్ద అక్షరాలు: హత్నూర కియాంటి. చూడగానే ఒళ్ళు జలదరించింది. నేను కనిపెట్టిన పేరు!

సెప్టెంబర్ 9

ఆ పేరు నేను కనిపెట్టలేదు. ఎవరూ కనిపెట్టలేదు. అసలు అది పండు పేరూ కాదు, రుచి పేరూ కాదు. ఊళ్ళ పేరు. ఫ్లోరెన్సుకీ సియెనాకీ మధ్య ఉన్న కొండల పేరు. మూడు వందల ఏళ్ళ కిందటే అక్కడి ప్రభువు హద్దులు గీసి, ఈ లోపల పండిందే కియాంటి అని శాసనం చేశాడు. తర్వాత 1932లో ప్రభుత్వం ఆ పేరుని చుట్టుపక్కల కొండలకి కూడా పంచిపెట్టింది. పాపం అసలు కొండల వాళ్ళు తమ పేరుకి 'క్లాసికో' అని తోక తగిలించుకోవాల్సి వచ్చింది, మేమే ముందు అని చెప్పుకోవడానికి. గ్రేవె అనే ఊరైతే 'కియాంటిలోని గ్రేవె' అని పేరే మార్చుకుంది.

ప్రేమలతకి చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా విని, "మీ కిష్టారెడ్డిపేటల ఫ్లాట్లు ఏమని అమ్మిన్రు అక్కా?" అంది.

"మియాపూర్ దగ్గర అని."

"దగ్గరనా?"

"...మియాపూర్ ఎక్స్‌టెన్షన్ అని."

"ఇగ చూడు. పేరంటే గట్లనే పెరుగుతది. మియాపూరు కిష్టారెడ్డిపేటకు వచ్చినప్పుడు, కియాంటి హత్నూరకు రాదా?"

సెప్టెంబర్ 10

భోజనాల దగ్గర అందరికీ కోడిపుంజు కథ చెప్పాను. ఫ్లోరెన్సు వాళ్ళు, సియెనా వాళ్ళు కియాంటి కొండల కోసం కొట్టుకుని అలిసిపోయి ఒక ఒప్పందానికి వచ్చారట. తెల్లారి కోడి కూయగానే రెండు ఊళ్ళ నుంచీ చెరో గుర్రపు రౌతు బయల్దేరాలి, ఎక్కడ ఎదురుపడితే అక్కడ హద్దు. సియెనా వాళ్ళు తెల్లకోడిని బాగా మేపారు. అది తిని పడుకుంది. ఫ్లోరెన్సు వాళ్ళు నల్లకోడిని చీకటి పెట్టెలో పెట్టి మాడ్చారు. అది ఆకలికి తెల్లవారకముందే కూసేసింది. వాళ్ళ రౌతు సియెనా పొలిమేర దాకా వచ్చేశాడు. ఇప్పటికీ అక్కడి సీసాల మీద నల్లకోడి బొమ్మే ఉంటుంది.

"కోడిని ఉపాసం పెట్టిన్రా? సిగ్గులేనోళ్ళు" అంది పోశమ్మ.

సంగప్ప గారు అన్నం కలుపుతూ తలూపారు. "నయమే. కోడితోని తేలిపోయింది. మా కాడ సర్వేయరు వచ్చేదాక ఎన్ని కోళ్ళు కూసినయో."

పోశమ్మ వాళ్ళ అసలు అభ్యంతరం కియాంటితో కాదట, ముందున్న హత్నూరతో. "ఊరి పేరు సీసా మీద రాస్తరా అమ్మా? రేపు ఎవడో మోరీల పడి, ఏమాయెరా అంటే, హత్నూర ఎక్కింది అంటడు. మా ఊరు ఎవని నెత్తికి ఎక్కాలె?"

నవ్వీ నవ్వీ నాకు మళ్ళీ ఎక్కిళ్ళు.

సెప్టెంబర్ 17

ఇవాళ ప్రేమలత నన్ను వాదనలో పడగొట్టేసింది. పేరు వాళ్ళది, మనం వాడకూడదు అని నేను మళ్ళీ మొదలుపెట్టగానే, "మీ ఇంటిపేరు ఏంది అక్కా?" అంది.

"కొల్లూరి."

"మన కొల్లూరా? రింగు రోడ్డు కాడ?"

"కాదు, కృష్ణ ఒడ్డున ఇంకో కొల్లూరు ఉంది."

"మీరు పుట్టింది ఆడనా?"

"లేదు, ఇక్కడే. నాన్న ప్లాంటు క్వార్టర్స్‌లో."

"మీ నాయన?"

"రేపల్లె దగ్గర."

"మరి కొల్లూర్ల ఎవరున్నరు?"

ఎవరూ లేరు. నాన్న తాతగారు కూడా ఆ ఊరు చూడలేదు.

"ఎన్నడూ చూడని ఊరి పేరు మీరు నెత్తిన పెట్టుకొని తిరుగుతున్నరు. ఎందుకు? మీ నెత్తురు ఆడికెళ్ళి వచ్చింది కాబట్టి. నా తీగ గూడ ఆడికెళ్ళే వచ్చింది. దానికెందుకు వద్దు?"

సమాధానం కోసం బస్సంతా వెతికాను. పటాన్‌చెరులో దిగుతుండగా దొరికింది. నడిరోడ్డు మీద "ఆఁ!" అని అరిస్తే ఆటోవాడు తననే పిలిచాననుకుని ఆగాడు.

సెప్టెంబర్ 18

"మేం ఇంటిపేరు అమ్ముకోవట్లేదు" అన్నాను, కారు ఎక్కీ ఎక్కగానే.

"పెండ్లి సంబంధాలప్పుడు?" అంది.

హత్నూర దాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. ఇద్దరం ఒప్పుకోలేదు కూడా.

ఒక నెల అనుకున్నాను కదా. నెల దాటిందని ఇప్పుడే చూశాను. నాన్న బీపీ కుదురుకోవాలి ముందు.

అక్టోబర్ 7

గచ్చిబౌలి రెస్టారెంట్లకి వైన్లు సరఫరా చేసే ప్రవీణ్‌కుమార్ వచ్చాడు. మూడో ట్యాంకు రుచి చూశాడు. ఫోను జేబులో పెట్టేసి ఇంకోసారి చూశాడు. వైను నాదే, నేను చక్కబెట్టిందే.

"చాలా బాగుందండీ" అన్నాడు. "కియాంటి అని వేయండి, క్రిస్మస్‌కి ఎంత చేస్తే అంతా తీసుకుంటాను. ఆ హత్నూర తీసేయండి. హత్నూర అంటే ఎవరు తాగుతారు?"

అతను వెళ్ళాక నేను చెప్పేశాను. ఆ పేరుతో అయితే వైన్‌మేకర్‌గా నా సంతకం ఉండదు. తాగేవాడు అది ఎక్కడిదనుకుంటాడో అక్కడిది కాదు. అది మోసం.

ప్రేమలత ముఖం మాడిపోయింది. "పంట నాది, షెడ్డు నాది. ఈ తోట మీద నేను పెట్టిన పానం ఎంతనో మీకేం తెలుసు మేడమ్?"

అక్క పోయి మళ్ళీ మేడమ్ అయ్యాను.

సాయంత్రం నాన్న, "ఏమ్మా, అలా ఉన్నావేం? కంపెనీలో ఏమైనా జరిగిందా?" అన్నారు. ఆడిట్ జరుగుతోంది అన్నాను.

మనిషి నిజం కోసం నిలబడాలి. నేను నిలబడ్డాను.

అక్టోబర్ 8

ప్రేమలత కారులో పాటలు పెట్టింది. మాట్లాడలేదు.

అక్టోబర్ 13

మాట్లాడలేదు. కానీ మధ్యలో బండి ఆపి ఇద్దరికీ మొక్కజొన్న కంకులు కొంది. నా కంకికి నిమ్మకాయ ఎక్కువ రాయించింది.

అక్టోబర్ 30

సీసాలు వచ్చాయి. మూతలు వచ్చాయి. లేబుల్ ఒక్కటే రాలేదు. నవంబరు పదిన ఆబ్కారీ ఆఫీసులో అనుమతికి ఇవ్వాలి. ప్రేమలత రెండు డిజైన్లూ తయారుగా పెట్టుకుంది. ఒకటి కియాంటి, ఒకటి హత్నూర. "ఏదిస్తనో నాకే తెల్వది" అంది. గొడవ తర్వాత నాతో అన్న మొదటి మాట అది. చిన్నపిల్లలా సంతోషపడ్డాను.

ఇవాళ ఒక ఉద్యోగం మెయిల్ వచ్చింది. జీడిమెట్లలో. చదవలేదు. రేపు చదువుతాను.

నవంబర్ 8, శనివారం

రేపు నాన్నకి వనభోజనాలు. ప్లాంటు రిటైర్డ్ వాళ్ళందరూ మినీబస్సు మాట్లాడుకున్నారు. "నర్సాపూర్ అడవి వైపు ఎక్కడో ఉసిరిచెట్లున్నాయట" అన్నారు. నువ్వూ రామ్మా అన్నారు. ఓవర్‌టైమ్ ఉంది అన్నాను. రేపు మేం మొదటి సీసాలు నింపుతాం. ఎలా మానుతాను?

నవంబర్ 9, ఆదివారం

చేతులు ఇంకా ఊదారంగులోనే ఉన్నాయి. సబ్బుకి పోలేదు. వరసగా రాస్తాను.

పొద్దున షెడ్డులో పంపు పెట్టి సీసాలు నింపడం మొదలుపెట్టాం. నేను, ప్రేమలత, పోశమ్మ. బయట ఏదో బస్సు ఆగింది. "కార్తీకం గద. నాయన ఉసిరిచెట్ల కింద జాగ కిరాయికి ఇస్తడు" అంది ప్రేమలత. నేను సీసా మీద నుంచి కళ్ళెత్తలేదు. అప్పుడు వినిపించింది, విస్తరాకులు ఎవరు తెచ్చారని ఒక గొంతు. ముప్పై ఆరేళ్ళుగా వింటున్న గొంతు.

కిటికీ సందులోంచి చూశాను. పట్టుపంచె కట్టుకుని, భుజాన కండువా వేసుకుని, సంగప్ప గారి ఉసిరిచెట్టు కింద మా నాన్న కొల్లూరి నరసింహమూర్తి. ఒకరు విష్ణుసహస్రనామం అందుకున్నారు. గోడకి ఇటువైపు వైను, అటువైపు విష్ణువు. నేను కింద కూర్చుండిపోయాను.

"ఏమైంది?" అంది ప్రేమలత.

"నాన్న."

"ఎవరి నాయన?"

"మా నాన్న."

పోశమ్మ సందులోంచి చూసింది. "ఆ పట్టుపంచెనా? మూతి నీ మూతే ఉన్నది."

అంతే, ముగ్గురికీ నవ్వు. ఏడుపు రావాల్సిన చోట నవ్వు. నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆ కంగారులో నా మోచేయి తగిలి పైపు ఊడింది. పంపు గర్రుమంటూ గాలి పీల్చింది, వైను గోడమీదకి చిమ్మింది. నా మీదకి, పోశమ్మ మీదకి కూడా.

మా నాన్న ముప్పై రెండేళ్ళు టర్బైన్ల దగ్గర పనిచేశారు. ఏ యంత్రమైనా అరిస్తే ఆయన కూర్చోలేరు. సహస్రనామం మధ్యలో లేచి వచ్చి తలుపు తోశారు.

ఆయన ముందు పంపు వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. నెట్ టోపీ, రబ్బరు బూట్లు, నెత్తి నుంచి కాళ్ళ దాకా ఎర్రగా నేను.

"హైమా?"

"నాన్నా."

"ఇదేనా బొల్లారం?"

ప్రేమలత పంపు ఆపింది. గోడమీద నుంచి బొట్లు పడటం వినిపించింది.

"కాదు నాన్నా. అది మూసేశారు. జూలైలో."

ఆయన సీసాల పెట్టె మీద కూర్చున్నారు. గోడమీద కారుతున్నదాన్ని చూపించి, "అదేమిటి?" అన్నారు.

"ద్రాక్షరసం."

"పులిసిందా?"

"పులిసింది నాన్నా."

"పులియబెట్టిందెవరు?"

"చివర్లో... నేనే."

నేను బీపీ అన్నాను, మీరు బాధపడతారని అన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. చేయెత్తి ఆపారు.

"నా బీపీ బాగానే ఉంది. రెండేళ్ళు నీ ముఖం చూడలేకపోయానమ్మా. ఆగస్టు నుంచీ నువ్వు సాయంత్రం ఇంటికొచ్చి కూని రాగాలు తీస్తున్నావు. పప్పులో ఉప్పు మర్చిపోతున్నావు. నీలో నువ్వే నవ్వుకుంటున్నావు. ఇదంతా ఆ కంపెనీ చలవేననుకున్నాను. రోజూ దీపం పెట్టి, ఆ బొల్లారం కంపెనీ పదికాలాలు చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకుంటున్నాను." ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నారు. "తాళం వేసిన కంపెనీకి! నాకెందుకు చెప్పలేదు?"

చెప్పడానికి బీపీ సాకు ఒక్కటే ఉండేది. అదీ అయిపోయింది. "ఇక్కడ నాకు బాగుంది నాన్నా. చెబితే మానేయమంటారని భయమేసింది" అన్నాను. అది నోట్లోంచి వచ్చాకే నాకూ తెలిసింది.

ప్రేమలత అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడి ఉంది. హఠాత్తుగా, "ఏంది సారూ? మూడు నెలలు మా తోట మొక్కులన్నీ బొల్లారానికి పోయినయా?" అంది. నవ్వుతోందనుకున్నాను. నవ్వడం లేదు. "ఈమె నవ్వింది ఈడ. పని నేర్సింది ఈడ. నేనేమో కంకులు కొనిచ్చిన. పేరు ఎవనికో పోయిందా? నాకు కడుపు మండుతుంది సారూ."

ఆ మాట అంటూనే ఆగిపోయింది. నా వైపు చూసింది. బల్ల మీద రెండు లేబుళ్ళ వైపు చూసింది. ఫోను తీసింది.

"ప్రవీణ్ అన్నా, కియాంటి లేదు. హత్నూర అనే వస్తది. తీసుకుంటే తీసుకో... లేకుంటే నేనే ఒక్కొక్క హోటలుకు మోసుకపోత... ఆఁ, ఎవరూ తాగకపోతే మేమే తాగుతం."

బయట నుంచి సంగప్ప గారు, "గిప్పుడు సమజైందా!" అని అరిచారు. ఆయన ఎప్పట్నుంచి అక్కడ నిలబడ్డారో.

పోశమ్మ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఊరు పేరా? నన్నడిగిన్రా?"

"చెప్పు పోశమ్మా. వద్దా?"

పోశమ్మ తన చీర మీది మరకల వైపు చూసుకుంది, ఆలోచించింది. "పెట్టుకోండ్రి. గానీ తప్పు అక్షరాలు రాయకుండ్రి. బస్సు మీద ఎవడో హత్నూరను హత్తునూర అని రాసిండు."

నాన్న లేచారు. పోతూ పోతూ వంగి, పైపు చివర బిగింపు చూసి, "ఇది వదులైంది, మార్చు" అన్నారు. "కడుక్కుని రా. పులిహోర చల్లారిపోతుంది."

మినీబస్సులో తిరిగొచ్చాను, ఆయన పక్కనే. కూతురు కూడా వచ్చిందే అని అందరూ సంతోషించారు. ఓవర్‌టైమ్ త్వరగా అయిపోయిందా అన్నారు. నాన్న అవునూ అనలేదు, కాదూ అనలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. పటాన్‌చెరు దాటాక నా ఊదా చేతుల మీద ఆయన కండువా కప్పారు. దాచడానికో, చలికో తెలియలేదు.

నవంబర్ 10

లేబుల్ ఇచ్చేశాం. జీడిమెట్ల మెయిల్ చదివాను. చాలా మర్యాదగా వద్దని రాశాను.

నవంబర్ 19

నాన్న వైను మాట ఎత్తరు. కియాంటి గొడవంతా నేను చెప్తే వింటారు. టిఫిన్ బాక్సు మాత్రం ఇస్తారు. "బస్సు" అనడం లేదు. "జాగ్రత్త" అంటున్నారు. ఐడీ కార్డు వేసుకోకుండా బయటికెళ్తే మెడ తేలిగ్గా, కొత్తగా ఉంది.

ఎదురింటి వాళ్ళకి ఇంకా నేను బొల్లారమే. నాన్న సరిదిద్దలేదు. నేను అడగను.

డిసెంబర్ 3

అనుమతి వచ్చింది. ప్రేమలత ఫోనులో అరిచిన అరుపుకి చెవి ఇంకా గుయ్‌మంటోంది. ప్రవీణ్‌కుమార్ కొన్ని పెట్టెలు తీసుకున్నాడు. అడిగినవాళ్ళకి ఏం చెప్పాలో రాసివ్వమన్నాడు. "ఎర్రమట్టి అని చెప్పు, ఇంకేం చెప్పకు" అంది ప్రేమలత.

డిసెంబర్ 14, ఆదివారం

పొద్దున్నే తలంటుకుని వంటింట్లో పప్పు పెడుతున్నాను. హాల్లో నాన్న ఫోను మోగింది. రేపల్లె నుంచి పెద్దమామయ్య. ఆయన ఫోనులో ఎంత గట్టిగా మాట్లాడతారంటే ఇద్దరి మాటలూ వంటింట్లోకి వినిపిస్తాయి. పెళ్ళిళ్ళు, మోకాళ్ళ నొప్పులు అన్నీ అయ్యాక, "హైమ ఆ బొల్లారంలోనేనా ఇంకా?" అన్నారు.

నేను పొయ్యి సిమ్‌లో పెట్టాను.

నాన్న గొంతు సవరించుకున్నారు. "లేదు బావగారూ. వైను చేస్తోంది."

మామయ్య గొంతు ఇంకా పెరిగింది. "ఏం చేస్తోంది?"

"వైను. ద్రాక్షతో. తయారుచేసేది మా అమ్మాయే, సీసా మీద పేరు కూడా ఉంది."

"ఏదో ఇటలీ కంపెనీ అయ్యుంటుంది?"

"ఇటలీది వేరు. అక్కడ కియాంటి అని ఊళ్ళున్నాయి, అది వాళ్ళది. మాది హత్నూర."

పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. ఇద్దరం అలాగే తిన్నాం.